అలైన్‌మెంట్ బార్: ఏడు సీజన్ల వాడకం తర్వాత

అట్లాంటాకి ఉత్తరాన లేక్ లేనియర్‌లో మేం తిప్పే బోటు 19 అడుగులది, పాతది. లోపల 4.3 లీటర్ల వీ6 మెర్‌క్రూజర్ ఇంజను, బయట ఆల్ఫా వన్ జెన్ 2 డ్రైవు, అంటే ఇంజను శక్తితో ప్రొపెల్లర్‌ని తిప్పే భాగం. ఈ రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడటానికి 2018 మార్చిలో ఒక అలైన్‌మెంట్ బార్ కొన్నాను. కంపెనీది కాదు, ఆఫ్టర్‌మార్కెట్ది, 70 డాలర్లలోపే వచ్చింది. చూస్తే ఉత్త ఇనప కడ్డీ. అయినా నా గరాజులో ఇంత పని చేసిన పనిముట్టు ఇంకోటి లేదు.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. 2017లో బెలోస్ (డ్రైవుకీ బోటుకీ మధ్య నీళ్ళు రాకుండా ఆపే రబ్బరు తొడుగులు) మార్చమని బోటు ఒక షాపులో ఇచ్చాం. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ స్టీరింగు తిప్పినప్పుడల్లా వెనకనుంచి గుర్రుమని శబ్దం. జులైలో ఒక శనివారం, పిల్లల్ని ట్యూబు మీద లాగుతుంటే ఇంజను ఒక్కసారిగా అరిచింది, బోటు మాత్రం కదల్లేదు. రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఇంకో బోటువాళ్ళు తాడు కట్టి ఒడ్డుకి లాగారు. విప్పి చూస్తే కప్లర్ (డ్రైవు షాఫ్టుని ఇంజనుకి కలిపే భాగం) స్ప్లైన్లు, అంటే లోపలి పళ్ళలాంటి గట్లు, పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి, చుట్టూ నల్లటి పొడి. కప్లర్ ఫ్లైవీలుకి బిగించి ఉంటుంది కాబట్టి మార్చాలంటే ఇంజను పైకి ఎత్తాల్సిందే. ఖర్చు తడిసి మోపెడయింది. డ్రైవు తిరిగి ఎక్కించేటప్పుడు అలైన్‌మెంట్ చూశారా అని అడిగితే ఆ షాపులో ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

చిన్నప్పుడు గోదావరి మీద చూసిన లాంచీల్లో షాఫ్టు ఇంజను నుంచి తిన్నగా నీళ్ళలోకి దిగేది. మా బోటుకున్న స్టెర్న్‌డ్రైవు అలా కాదు. డ్రైవు షాఫ్టు బోటు వెనక గోడ దాటి, గింబల్ బేరింగ్ (షాఫ్టుని పట్టి ఉంచే బేరింగ్) గుండా వెళ్ళి కప్లర్‌లో కూర్చోవాలి. బేరింగ్ గోడవైపు, కప్లర్ ఇంజనువైపు. ఈ రెంటి మధ్యా వరస తప్పితే షాఫ్టు తిరిగినన్నిసార్లూ స్ప్లైన్లని ఒరుసుకుంటుంది. ఇంజను వెనక మౌంట్లు (ఇంజను కూర్చునే ఆధారాలు) వెనక గోడకున్న ట్రాన్సమ్ ప్లేటు మీద స్థిరంగా ఉంటాయి, మనం పైకీ కిందకీ జరపగలిగేది ముందు మౌంట్లనే. రబ్బరు కుంగినా, కింద చెక్క మెత్తబడినా ముందు భాగం దిగుతుంది. అందుకే ఒకసారి సరిచేస్తే ఎప్పటికీ అలాగే ఉంటుందనుకోకూడదు.

ప్రతి వసంతంలో డ్రైవు దించుతాం. గేరు ఫార్వర్డ్‌లో పెట్టి, డ్రైవుని పైకీ కిందకీ వంచే ట్రిమ్ సిలిండర్లు విడదీసి, ఆరు నట్లు ఊడదీస్తే డ్రైవు వచ్చేస్తుంది. ఐదు బై ఎనిమిది అంగుళాల సాకెట్ చాలు. బరువైనది కాబట్టి మా బామ్మర్ది తోడుంటాడు. తర్వాత బార్‌కి గ్రీజు రాసి బేరింగ్‌లోంచి లోపలికి తోస్తాం.

చాలామంది తొందరపడేది ఇక్కడే. బార్ ఆగిందంటే తప్పు ఇంజనుదే అనుకుని మౌంట్లు తిప్పేస్తారు. గింబల్ బేరింగ్ తన గూట్లో అటూఇటూ వాలుతుంది, వంకరగా చూస్తూ ఉండి ఉండొచ్చు. ముందు బార్ బయటి కొసని పైనా కిందా, పక్కలా మెల్లగా తట్టి దాన్ని సూటిగా తిప్పుకోవాలి. తట్టేది పక్కలనుంచే. వెనకనుంచి సుత్తితో కొట్టి దింపితే బార్ దిగుతుంది, దాంతోపాటు కొత్త కప్లర్ కూడా పాడవుతుంది.

మొదటి ఏడాది మా బార్ కప్లర్ అంచుదాకా వెళ్ళి ససేమిరా అంది. “బావా, ఇంకొంచెం గట్టిగా నెట్టనా?” అన్నాడు మా వాడు. వద్దని బయటికి తీయించాను. కొసన గ్రీజు మీద స్ప్లైన్ గీతలు ఒక పక్కే లోతుగా పడ్డాయి, అవతలి పక్క గ్రీజు రాసినట్టే నున్నగా ఉంది. ముందు మౌంట్ల లాక్ నట్లు వదులు చేసి, రెండు పక్కలా సరిసమానంగా పావు చుట్టు తిప్పాం. గ్రీజు తుడిచి, మళ్ళీ రాసి, మళ్ళీ తోశాం. అలా తొమ్మిదిసార్లు. తొమ్మిదోసారి రెండు వేళ్ళతో తోస్తే లోపలికి జారి, రెండు వేళ్ళతోనే బయటికొచ్చింది. గీతలు చుట్టూ ఒకే లోతులో ఉన్నాయి. ఆ తేడా చేతికి తెలుస్తుంది. రెండు వేళ్ళకి మించి బలం పెట్టాల్సి వస్తే అలైన్‌మెంట్ కుదరనట్టే, అక్కడ సర్దుకుపోవద్దు. ఆ రోజు డ్రైవు కూడా మొరాయించకుండా ఎక్కింది. నట్లు 50 ఫుట్ పౌండ్లకి బిగించాం.

ఈ ఏడేళ్ళలో మౌంట్లు మళ్ళీ జరపాల్సి వచ్చింది రెండుసార్లే. మిగతా ఏళ్ళు బార్ పెట్టి చూడటం పది నిమిషాల పని. కప్లర్ స్ప్లైన్లు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి, గుర్రుమనే శబ్దం మళ్ళీ వినలేదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: ట్రైలర్ మీద బోటు అడుగు వెనకదాకా ఆనుకుని ఉండాలి. ఒకసారి మా బోటు కొంచెం వెనక్కి జరిగి ఉండగా కొలిస్తే తప్పు చూపించింది, సరిగ్గా కూర్చోబెట్టాక బార్ మామూలుగానే దిగింది.

బార్‌లో లోపాలు లేకపోలేదు. వచ్చినప్పుడు సన్నకొస అంచు గరుకుగా ఉంది, ఎమరీ కాగితంతో రుద్దాకే వాడాను. తడి చెయ్యి తగిలితే తుప్పు పడుతుంది. నూనె గుడ్డతో తుడిచి, రెండువైపులా మూతలున్న పీవీసీ పైపులో పెట్టి దాస్తున్నాను. కింద పడితే వంగిందేమోనని అనుమానం, అందుకే ఏటా వంటింటి గ్రానైటు గట్టు మీద దొర్లించి చూస్తాను. మా ఆవిడ ముందే పాత దుప్పటి పరుస్తానంటుంది గానీ దుప్పటి మీద వంపు తెలియదు. కూడా వచ్చిన కాగితంలో బేరింగ్‌ని ముందు సూటిగా తిప్పుకోమన్న మాటే లేదు, అది పెద్ద లోటు.

మెర్‌క్రూజర్ ఆల్ఫా గానీ బ్రావో గానీ ఉండి, డ్రైవు సొంతంగా దించేవాళ్ళయితే మొదటి ఏడాదే కొనండి. షాపులో చేయించేవాళ్ళు డ్రైవు ఎక్కించే ముందు బార్ పెట్టి చూపించమని అడగండి, గ్రీజు మీద గీతలు మీ కళ్ళతో చూడండి. వోల్వో పెంటా ఉన్నవాళ్ళు తమ డ్రైవుకి ఏ బార్ సరిపోతుందో కనుక్కుని కొనండి.