బలం జెన్‌ది, పెత్తనం కంపెనీది: ‘షీ-హల్క్’ సిరీస్ సమీక్ష

‘షీ-హల్క్: అటార్నీ ఎట్ లా’ (2022, 9 ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట అటూఇటూగా) కథలో అసలు దెబ్బ ఫైటింగుల్లో లేదు, ఉద్యోగపు షరతులో ఉంది. కోర్టు గోడ బద్దలుకొట్టుకుని లోపలికొచ్చిన అతీతబలమున్న టైటానియా నుంచి ప్రభుత్వ లాయరు జెన్నిఫర్ (జెన్) వాల్టర్స్, షీ-హల్క్‌గా మారి జ్యూరీని కాపాడుతుంది. కాపాడినందుకే కొంప మునుగుతుంది. ప్రాణం నిలిపిన లాయరు వైపే జ్యూరీ మొగ్గుతుందని అవతలి పక్షం అడ్డం తిరగడంతో కేసూ పోతుంది, ఉద్యోగమూ ఊడుతుంది. తర్వాత ఆ అవతలి పక్షపు సంస్థే పిలిచి కొలువిస్తుంది. షరతు ఒక్కటే: ఆఫీసులో జెన్‌లా కాదు, ఆరడుగుల ఏడంగుళాల ఆకుపచ్చ షీ-హల్క్‌లా కనపడాలి. మార్చి 8న ఫ్లోరంతా గులాబీ బెలూన్లు కట్టే హైటెక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి ఈ వ్యవహారం విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ పాత్ర పుట్టుకే హక్కుల తగువు. 1977లో మొదలైన హల్క్ టీవీ సిరీస్ బాగా ఆడుతోంది. అప్పటికే టీవీవాళ్లు ‘సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్’ నుంచి ‘బయోనిక్ వుమన్’ని పుట్టించి ఉన్నారు. అలాగే ఆడ హల్క్‌నీ పుట్టించేస్తే హక్కులు చేజారతాయని, మార్వెల్ ముందుగానే 1980లో ఈ పేరుతో కామిక్ వేసేసింది. రాసింది స్టాన్ లీ, గీసింది జాన్ బుసెమా. అందులో గూండాల తూటా తగిలిన జెన్‌కి కజిన్ బ్రూస్ (కోపమొస్తే హల్క్‌గా మారేది ఇతనే) తన రక్తం ఎక్కిస్తాడు. సిరీస్‌లో కారు ప్రమాదంలో అతని రక్తం ఆమె గాయంలో కలుస్తుంది. అంతే తేడా.

ఆ హక్కుల కోణాన్ని ప్రధాన రచయిత్రి జెస్సికా గావ్ వదిలిపెట్టలేదు. 5వ ఎపిసోడ్ అందుకే అన్నిటికంటే గట్టిది. ‘షీ-హల్క్’ పేరుని టైటానియా ట్రేడ్‌మార్క్ చేయించుకుని క్రీములు అమ్ముకుంటుంది. ఆ పేరుని ముందునుంచీ వాడుతున్నానని జెన్ రుజువు చేసుకోవాలి. దొరికిన సాక్ష్యం ఆమె డేటింగ్ ప్రొఫైల్ ఒక్కటే. దాని ద్వారా కలిసిన మగవాళ్లు ఒక్కొక్కరే బోనెక్కి, షీ-హల్క్ అయితే సరేగానీ జెన్‌తో అయితే వచ్చేవాళ్లం కాదని చెప్తారు. కేసు గెలుస్తుంది, పరువు పోతుంది. ఏ చట్టంతో కాపాడుకుందో దానితోనే అవమానపడటం, మన కుటుంబ కోర్టుల వరండాల్లో నిలబడ్డ ఆడవాళ్లు ఎరిగిన సంగతే.

మొదటి ఎపిసోడ్‌లో అందరూ చెప్పుకునేది కోపం గురించిన వాదన. హల్క్‌ని అదుపులోకి తెచ్చుకోవడానికి బ్రూస్‌కి పదిహేనేళ్లు పట్టింది. జెన్‌కి పెద్దగా శ్రమే పడదు. రోడ్డు మీద ఎవడో కూసినా, తన సబ్జెక్టే తనకి ఎవడో వివరించినా, నోరు నొక్కుకోవడం రోజూ చేసే సాధనే అంటుంది. ఆ మాట వినడానికి బాగుంది కానీ, దానికంటే ముందు వచ్చే బార్ సీనులోనే పట్టు ఉంది. అక్కడ బాత్‌రూమ్‌లో ముక్కూమొహం తెలియని అమ్మాయిలు ఆమెకి బట్టలిచ్చి, మేకప్ వేసి సాయపడతారు. బయటికి రాగానే మగగుంపు చుట్టుముడుతుంది, అప్పుడు మారుతుంది. పోకిరీల కోసం 2014లోనే షీ టీమ్స్ పెట్టుకున్న ఊళ్లో ఈ సీను అర్థం కాకపోవడమంటూ ఉండదు.

గ్రాఫిక్స్ మీద 2022లో పడ్డ వెటకారంలో కొంత న్యాయం ఉంది. ముఖం పలుకుతుంది, నడకలో బరువుండదు. హల్క్ చీకట్లో గోడలు కూలుస్తాడు, ఈమె ట్యూబ్‌లైట్ల కింద కూర్చుని ఎపిసోడంతా మాట్లాడాలి. చర్మం, జుట్టు, ఎదుటివాళ్ల చూపు ఆనే ఎత్తు, అన్నీ షాటు షాటుకీ కుదరాలి. అయిదడుగుల చిల్లర ఎత్తున్న టటియానా మస్లానీని పక్కన ఆరడుగులు దాటిన డూప్‌తో సరిపెట్టడం టీవీ గడువుల్లో కత్తిమీద సామే. తిట్లు మాత్రం తెర మీది ఒంటికి తగిలాయి, గడువు పెట్టినవాళ్లకి తగల్లేదు. 2008 హల్క్ సినిమా గ్రాఫిక్స్ చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కి హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. 2013లో ఆ సంస్థ దివాలా తీసింది. ఈ పనిలో పెత్తనం ఎవరిదో ఇక్కడి గ్రాఫిక్స్ కుర్రాళ్లకి బాగా తెలుసు.

8వ ఎపిసోడ్‌లో జెన్ సహా పలువురికి ‘ఉత్తమ మహిళా లాయర్’ అవార్డు గంపగుత్తగా పంచిపెడతారు. ఆ వేదిక మీదే ఇంటెలిజెన్షియా అనే ఆన్‌లైన్ ముఠా ఆమె పడకగది వీడియో వేస్తుంది. తెర పగలగొట్టినందుకు తుపాకులు ఆమె వైపే తిరుగుతాయి. సిరీస్ ఇక్కడికి శిఖరం ఎక్కి, 9లో జారిపోయింది. జెన్ తెరమీది డిస్నీ ప్లస్ మెనూలోంచి దూకి, మార్వెల్ రచయితల గది దాటి, కథలన్నీ నడిపే కెవిన్ అనే యంత్రంతో వాదించి ముగింపు మార్పించుకుంటుంది. (మెనూ చూసి యాప్ పాడైందనుకోవాలన్నది జోకు. హాట్‌స్టార్ మెనూకి అలవాటుపడ్డ మనకి అది సగమే పేలుతుంది.) సరదాగానే ఉంది. కానీ యజమాని దయతలిస్తే మారిన కథ అది, యంత్రం కుర్చీ కదల్లేదు. వీడియో కేసు కోర్టులో ఎలా నిలబెట్టాలన్నది చూపించనేలేదు. మన దగ్గర ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా శిక్ష పడే నేరం ఇది. హీరోయిన్ లాయరై ఉండీ ఆ వాదన వినిపించకపోవడం పెద్ద లోటు. కోర్టు సీన్లు రాయడం తమకి చేతకాలేదని గావే ఒప్పుకుంది, ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది.

టైము లేనివాళ్లు 1, 2, 5, 8, 9 చూస్తే చాలు. 8 ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని చూసేది కాదు. నవ్వుకోవడానికైతే 4, అందులో మాంత్రికుడు వాంగ్ పక్కన సోఫాలో కూలబడే మ్యాడిసిన్‌ది చిన్న వేషమే అయినా, సిరీస్‌లో ఎవరి అజమాయిషీ కిందా లేని మనిషి ఆమె ఒక్కతే.