"క్వాంటమ్ సేఫ్ వాలెట్" అని అమ్ముతుంటే కొనకండి, నా కాయిన్లన్నీ పోయాయి

క్రిప్టో ఉన్నవాళ్లు దయచేసి ఇది చదవండి. "క్వాంటమ్ కంప్యూటర్ వచ్చేస్తోంది, మీ బిట్‌కాయిన్ పోతుంది, మా వాలెట్‌లోకి మార్చుకోండి" అంటూ ఎవరేం అమ్మినా కొనకండి. నేను కొన్నాను. నాలుగేళ్లుగా నెలనెలా కొద్దికొద్దిగా కూడబెట్టినవి, దాదాపు మూడున్నర లక్షలు, పావుగంటలో పోయాయి.

మొదట ఒక గ్రూపులో తెలుగు వీడియో వచ్చింది. అందులో 2024 డిసెంబరులో గూగుల్ చూపించిన విల్లో అనే క్వాంటమ్ చిప్, తర్వాత అమరావతి క్వాంటమ్ వ్యాలీ వార్తలు. రెండూ నిజమైనవే. అందుకే మూడో మాట కూడా నమ్మేశాను: "ఈ ఏడాది చివరికల్లా పాత వాలెట్లన్నీ ఖాళీ." రెండు రోజులు నిద్ర పట్టలేదు. 8,500 కట్టి ఆర్డర్ పెట్టాను.

పెన్‌డ్రైవ్ లాంటి పరికరం కొరియర్‌లో వచ్చింది. నల్లటి పెట్టె, మీద సీలు, లోపల క్యూఆర్ కోడ్ ఉన్న కార్డు. స్కాన్ చేస్తే 12 గడులున్న పేజీ తెరుచుకుంది. పాత వాలెట్ సీడ్ ఫ్రేజ్, అంటే వాలెట్‌ను తెరిచే 12 రహస్య పదాలు, అక్కడ టైప్ చేయాలట. బీరువాలోంచి డైరీ తీసి ఒక్కో పదం చూసి కొట్టాను. ఏడో పదంలో ఒక అక్షరం తప్పు పడితే గడి ఎర్రగా మారింది. అది చూసి, వీళ్ల సిస్టమ్ గట్టిదే అనుకున్నాను. నిజానికి ఆ పదాలన్నీ అందరికీ తెలిసిన 2048 పదాల జాబితాలోవే. తప్పు పట్టడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ పదాలు చేతికి రాగానే వాళ్లు నా వాలెట్ తెరిచి అంతా లాగేసుకున్నారు.

ముందే తెలుసుకోవాల్సినవి తర్వాత కూర్చుని చదివాను.

క్వాంటమ్ భయం పూర్తిగా అబద్ధం కాదు. కాయిన్లు పంపేటప్పుడు వాలెట్ పెట్టే డిజిటల్ సంతకం ఎలిప్టిక్ కర్వ్ అనే గణితం మీద నిలబడింది. తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఉంటే పబ్లిక్ కీ (సంతకాన్ని సరిచూసే కీ) నుంచి ప్రైవేట్ కీ (సంతకం పెట్టే రహస్య కీ) రాబట్టవచ్చని 1994లో పీటర్ షోర్ కనిపెట్టిన పద్ధతి చెబుతుంది. కానీ ఎంత పెద్దది? 2017లో వచ్చిన ఒక లెక్క ప్రకారం సుమారు 2,330 లాజికల్ క్యూబిట్లు కావాలి (క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని పట్టుకునే అతి చిన్న భాగం). తప్పులు దిద్దుకుంటూ పనిచేసే అలాంటి ఒక్క క్యూబిట్ కోసం వందలు, వేల మామూలు క్యూబిట్లు పడతాయి. విల్లోలో ఉన్నవి మొత్తం 105 మామూలు క్యూబిట్లే. అమరావతిలో పెడతామని 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రానివి 156. వాటితో మన వాలెట్ తెరవడం కుదరదు. అవసరమయ్యే క్యూబిట్ల అంచనాలు ఏటా తగ్గుతున్న మాట మాత్రం నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను అనను.

అసలు విషయం ఇంకొకటి. ఏ సంతకం చెల్లుతుందో నిర్ణయించేది బిట్‌కాయిన్ నెట్‌వర్క్. మన చేతిలో ఉన్న డబ్బా కాదు. క్వాంటమ్‌ను తట్టుకునే సంతకాలకు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులోనే ప్రమాణాలు ఇచ్చింది. బిట్‌కాయిన్‌లో మాత్రం బిప్ 360 లాంటి, నెట్‌వర్క్ నియమాలు మార్చే ప్రతిపాదనలు ఇంకా చర్చలోనే ఉన్నాయి. నెట్‌వర్క్ మారకుండా ఏ కంపెనీ పరికరమైనా మీ బిట్‌కాయిన్‌ను "క్వాంటమ్ సేఫ్" ఎలా చేస్తుంది? ఈ ఒక్క ప్రశ్న వాళ్లను అడిగుంటే నా డబ్బు నా దగ్గరే ఉండేది.

టెన్షన్‌గా ఉంటే పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఒకసారి ఖర్చు పెట్టిన అడ్రస్‌ను మళ్లీ వాడకండి. మామూలు అడ్రస్‌లో పబ్లిక్ కీ హ్యాష్ (వెనక్కి విప్పలేని కోడ్) వెనక దాగి ఉంటుంది, ఖర్చు పెట్టినప్పుడే బయటపడుతుంది. 2009 నాటి పాత కాయిన్లలో చాలావాటికీ, ట్యాప్‌రూట్ అనే కొత్త రకం అడ్రస్‌లకూ ఆ కీ ముందే బయట ఉంటుంది. అలా కీ బయటపడిన కాయిన్లను మీ సొంత వాలెట్‌లోనే కొత్త మామూలు అడ్రస్‌కు పంపుకోవచ్చు. దానికి సీడ్ ఫ్రేజ్ ఎవరికీ చెప్పక్కర్లేదు.

డబ్బు పోయిన రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. నా కాయిన్లు చేరిన అడ్రస్ బ్లాక్‌చెయిన్‌లో (అందరూ చూడగల లావాదేవీల పద్దులో) కనిపిస్తూనే ఉంది, రోజూ చూస్తున్నాను. అక్కడికి వేరేవాళ్ల డబ్బు ఇంకా వచ్చి పడుతూనే ఉంది. మీ ఇంటికీ అలాంటి నల్లటి పెట్టె వచ్చి ఉంటే ఆ కార్డు స్కాన్ చేయకండి. ఇప్పటికే టైప్ చేసి ఉంటే, ఇది చదవడం ఆపేసి ముందు కొత్త సీడ్‌తో వాలెట్ చేసుకుని మిగిలిందంతా అందులోకి పంపేయండి.