విజయనగరంలో ఓ టైలరు షాపు: కుట్టు గట్టిది, ఆలస్యం ఎక్కువ, అయినా నేను అక్కడికే వెళ్తాను

గంటస్తంభం నుంచి కోట వైపు వెళ్తుంటే ఒక సందులో ఉంటుందీ షాపు. పేరు రాస్తానంటే ఆయనే ఒప్పుకోలేదు. "వద్దు తల్లీ, ఉన్న బట్టలే కుట్టలేక ఛస్తున్నాం, డిసెంబరు ముంగిట నువ్వు ఇంకో వందమందిని తోలకు" అన్నారు. సరే, రాయను. రెండు కుట్టు మిషన్లు, ఒక కాజా మిషను, కటింగు బల్ల, గోడకి బైబిలు వాక్యం క్యాలెండరు, అంతే షాపు.

ఆ క్యాలెండరు సంగతి ముందే చెప్తాను, ఎందుకంటే దాన్ని చూసి నేను ఏ షాపుకీ వెళ్లను. వెనకాల వాక్యం రాసున్న ఆటోయే వాన పడితే రెట్టింపు అడుగుతుంది, మనకి తెలీనిదా. తెలుగులో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యాయి, ఆ అనువాదం మొదలైంది మన పక్కనే విశాఖపట్నంలో. ఆ తర్వాత బొబ్బిలి వైపు కెనడా బాప్టిస్టులు వచ్చారు. రెండొందల ఏళ్లకు పైగా ఆ మాట వినపడుతున్న ప్రాంతం ఇది, వినడానికి కరువు లేదు, మైకులకైతే అసలే లేదు. నేను వెళ్లింది మా ఎదురింటి పిన్నిగారు చెప్తే. ఆవిడ చర్చి గుమ్మం తొక్కిన మనిషి కాదు, ఏటా పైడితల్లమ్మకి మొక్కు తీర్చుకుంటుంది. ఆవిడ చెప్పిన కారణం ఒక్కటే: "ఆడు మిగిల్న గుడ్డ ఎనక్కిచ్చేత్తాడమ్మా."

నిజమే. మా ఆయనకి చొక్కా కుట్టించడానికి పొందూరు ఖద్దరు తీసుకెళ్తే, ముందు పన్నా కొలిచి, "ఇంత ఎందుకు తెచ్చారమ్మా, రెండుంబావు చాలు కదా" అన్నారు. ఖద్దరు కాబట్టి తడిపి ఆరేసి తెచ్చారా అని అడిగారు. తడపకుండా కత్తెర పెడితే మొదటి ఉతుకుకే చొక్కా కురచైపోతుంది, చాలామంది టైలర్లు ఆ మాట అడగరు, కుట్టేసి ఇచ్చేస్తారు. చొక్కా తీసుకునే రోజున మిగిలిన గుడ్డ చుట్ట చుట్టి, దారం కట్టి, కవర్లో పెట్టి ఉంది. సంకలో తెగిన చిన్న ముక్కలు కూడా, రేపు చిరిగితే అతుకు వేసుకోవడానికి. దొంగ త్రాసు దేవుడికి హేయం అని సామెతల గ్రంథంలో చదువుతాం గానీ, టైలరు షాపులో త్రాసు ఉండదు, మీటరు టేపు ఉంటుంది, ఆ టేపు దగ్గర ఎవరు ఎలాంటివారో తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతి. మా చెల్లెలి పెళ్లికని పట్టు జాకెట్టు ఇచ్చాను, కొలతకి ఆది జాకెట్టు కూడా ఇచ్చాను. పెళ్లి ఇంకా వారం ఉందనగా ఆయనే ఫోన్ చేశారు, మామూలుగా మనం చేస్తే ఎత్తని మనిషి. "అమ్మా, నీ జాకెట్టు ఎడమ చెయ్యి మీద ఇస్త్రీ పెట్టె అంటుకుంది, గుడ్డ కమిలిపోయింది, తప్పు మాది." వెళ్లి చూస్తే బొటనవేలంత గోధుమరంగు మచ్చ, జరీ అంచుకి సరిగ్గా పైన. కొంచెం లోపలికి మడిచి కుట్టేసి ఉంటే పెళ్లయ్యేదాకా నాకు తెలిసేది కాదు. కాల్చింది పనికుర్రాడని వాడి మొహం చూస్తేనే అర్థమవుతోంది, తలెత్తడం లేదు. ఆయన మాత్రం "మా షాపులో కాలింది" అన్నారే తప్ప వాడి పేరు ఎత్తలేదు. గుడ్డ డబ్బులు లెక్కకట్టి బల్ల మీద పెట్టి, "జక్కయ్య నాలుగంతలు ఇచ్చాడు, నాకంత స్తోమత లేదమ్మా, ఒకంతే తీసుకో" అని నవ్వారు. జక్కయ్యంటే బైబిల్లో, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న పన్నుల వసూలుదారు. నాకు కోపం రాలేదని కాదు, బాగా వచ్చింది, పెళ్లి ముందు ఎవరికి రాదు. కానీ నేను వాడి మీద అరవడానికి ఆయన సందివ్వలేదు. కొత్త గుడ్డ తెచ్చిస్తే కూలి తీసుకోకుండా రెండ్రోజుల్లో కుట్టిచ్చారు.

కూలి అంటే గుర్తొచ్చింది. ఆయన దగ్గర పని పీసు లెక్క. ఏ రోజుది ఆ రోజే ఇచ్చేస్తారు, రాత్రి షట్టరు దించేముందు. ఒకసారి నేనున్నప్పుడే గల్లాపెట్టెలో సరిపోక, పక్క కిరాణా కొట్టులో చేబదులు తెచ్చి మరీ ఇచ్చారు. కస్టమర్లు బాకీ ఉన్నారు కదా, రేపు ఇవ్వొచ్చు కదా అంటే, కూలివాడి కూలి తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండంలో ఉంది కదమ్మా అన్నారు, అదేదో మున్సిపాలిటీ రూలు చెప్పినట్టు మామూలుగా. పనిమనిషికి పదో తారీఖు దాకా జీతం ఇవ్వకుండా తిప్పుతూ, ఆదివారం ముందు వరసలో కూర్చునే ఇళ్లు మా చర్చి సంఘంలోనే నాకు తెలుసు. వాళ్లు ఇది చదివితే చదవనీ.

ఆయన పనివాళ్లిద్దరూ హిందువులే. పైడితల్లమ్మ జాతరలో తొలేళ్లకీ, సిరిమానుకీ సెలవు, ఆ రెండు రోజులూ షాపు మూతే. దీని మీద మా సంఘంలో కొంత గొణుగుడు నడిచింది, విశ్వాసి అయ్యుండి జాతరకి షాపు మూస్తాడేంటని. నేనే ఆయన్ని అడిగేశాను. "క్రిస్మస్ కి నేను మా ఇంటికి వెళ్లనా? వాళ్ల అమ్మానాన్నలు ఊర్నించి వస్తారు కదా ఆ రోజు" అన్నారు, కాజాలు కుడుతూనే. ఒకప్పుడు ప్రతి కవర్లోనూ కరపత్రం పెట్టేవారట, ఇప్పుడు అడిగినవాళ్లకే ఇస్తున్నారు. నాకైతే అదే బాగుంది. పిన్నిగారిలాంటి వాళ్లు చదవకుండా పారేసే కాగితం కన్నా ఆ గుడ్డచుట్ట ఎక్కువ చెప్తుంది.

అలాగని నెత్తిన పెట్టుకోను. ఆలస్యం విపరీతం. ఎవరికీ కాదనలేరు, అందరి బట్టలూ తీసుకుంటారు, తర్వాత "రేపిచ్చేస్తానమ్మా" మొదలవుతుంది. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలని అదే బైబిల్లో ఉంది అంకుల్ అంటే తల గోక్కుంటారు. పనివాళ్లకి సెలవులిచ్చిన దయంతా మన టెన్షన్ ఖాతాలో పడుతుంది, అది కూడా చెప్పాలి. బోట్ నెక్, ప్రిన్సెస్ కట్ లాంటివి ఆయన చేతికి రావు, మగ్గం వర్కు అసలు లేదు. ఫోన్ ఎత్తరు. షాపులో ప్రసంగాలు గట్టిగా మోగుతుంటాయి, తగ్గించమంటే తగ్గిస్తారు.

చొక్కాలు, ప్యాంట్లు, మామూలు లైనింగు జాకెట్లు, పిల్లల స్కూలు యూనిఫాంలకైతే కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు. లోపల బట్ట వదిలి కుడతారు, పిల్లలు ఎదిగితే విప్పుకోవచ్చు. రేటు మెయిన్ రోడ్డు షాపుల కన్నా కొంచెం తక్కువే, ఆల్టరేషన్ చిన్నదైతే డబ్బులు పుచ్చుకోరు. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ ఒకటి ఆలస్యానికి కోసేశాను. క్రిస్మస్ కి కావాలంటే నవంబరు మధ్యలోపే ఇచ్చేయండి, తీసుకునే తేదీ మాత్రం పండక్కి పది రోజుల ముందుదే చెప్పండి. ఆదివారం వెళ్లకండి, షట్టరు వేసుంటుంది.