బ్రాడీపేటలో గేమ్ కోడింగ్ క్లాస్: నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మా అబ్బాయితో పాటు నేనూ రోబ్లాక్స్ (గేములు తయారుచేసి ఆడుకునే ప్లాట్‌ఫామ్) స్క్రిప్టింగ్, అంటే కోడ్ రాయడం నేర్పే క్లాసుకు వెళ్లాను. గేమ్‌లో ఒక వస్తువుకి ఏదైనా తగిలినప్పుడు వచ్చే టచ్డ్ ఈవెంట్‌కి రాసే ఫంక్షన్ (అప్పుడు నడిచే కోడ్) బ్రాకెట్లలో 'హిట్' అని ఉంటుంది కదా, దానికి మనం ఎక్కడా విలువ ఇవ్వకపోయినా ఎలా వస్తోందని నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. సార్ ఆ విలువని తెర మీద చూపించే ప్రింట్ పెట్టి చూపించారు. గేమ్‌లోని బొమ్మ లావా మీద కాలు పెట్టగానే అవుట్‌పుట్‌లో 'లెఫ్ట్‌ఫుట్' అని పడింది! అంటే తగిలిన భాగాన్ని ఇంజినే పంపుతోంది, పేరు మనిష్టం. ఆ పాదం పేరెంట్ (అది ఏ వస్తువు లోపల ఉందో అది) క్యారెక్టర్, అంటే మొత్తం బొమ్మ, అక్కడి నుంచి ప్లేయర్‌ని పట్టుకోవాలి. ఈవెంట్‌కి ఫంక్షన్‌ని జతచేసే కనెక్ట్‌లో ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెడితే ఏదీ తగలకముందే అది నడిచేస్తుందని కూడా ఇక్కడే తెలిసింది. ఏసీ సరిగ్గా పనిచేయదు, ఒక్కో సిస్టమ్‌కి ఇద్దరేసి, అది మాత్రం మార్చాలి. చిన్నోణ్ణి వచ్చే బ్యాచ్‌లో వేస్తున్నాను.