అయస్కాంతపు నీటి అణువుల కిట్: ఆకర్షణను చూపుతుంది, పోటీని దాచేస్తుంది

పదార్థాలు నీటిలో ఎలా కరుగుతాయో చేతులతో కదిలించి నేర్చుకోవడానికి తయారు చేసిన నమూనాల కిట్ ఇది. ఇందులో నీటి అణువులు, సోడియం, క్లోరైడ్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు), ఇథనాల్, ఈథేన్ అణువులు ఉన్నాయి. ప్లాస్టిక్ గట్టిది, రంగులు పాఠ్యపుస్తకాల పద్ధతిలోనే ఉన్నాయి.

కిట్ గొప్పతనమంతా నీటి అణువులోనే ఉంది. రెండు బంధాల మధ్య కోణాన్ని 104.5 డిగ్రీలుగా పాటిస్తూ, ఆక్సిజన్ వైపు ఒక ధ్రువం, హైడ్రోజన్ల వైపు దానికి వ్యతిరేక ధ్రువం పైకి వచ్చేలా అయస్కాంతాలను అమర్చడం వల్ల, పుస్తకంలో చుక్కల గీతగా మాత్రమే కనిపించే హైడ్రోజన్ బంధం, అంటే ఒక నీటి అణువులోని హైడ్రోజన్‌కూ మరో అణువులోని ఆక్సిజన్‌కూ మధ్య ఉండే ఆకర్షణ, ఇక్కడ వేళ్లకు తగులుతుంది. సోడియం అయాన్‌ను దగ్గరకు తెస్తే నీటి అణువులు ఆక్సిజన్ కొసలను దానివైపు తిప్పుతాయి; క్లోరైడ్‌ను తెస్తే హైడ్రోజన్ కొసలు ముందుకు వస్తాయి. ఇథనాల్‌లో హైడ్రాక్సిల్ (OH) కొస మాత్రమే నీటికి అతుక్కోవడం కూడా సరైన ఆలోచనే.

అభ్యంతరం ఉప్పుకు సంబంధించిన వివరణతోనే. అయాన్లు ఒకదాన్నొకటి పట్టుకునే బలం కన్నా నీరు లాగే బలం ఎక్కువ కాబట్టి ఉప్పు కరుగుతుందని వెంట వచ్చిన పుస్తకం చెబుతుంది. నిజానికి ఒక మోల్ సోడియం క్లోరైడ్ స్ఫటికాన్ని విడదీయడానికి దాదాపు 787 కిలోజౌళ్లు కావాలి. అయాన్లను నీరు చుట్టుముట్టినప్పుడు వెలువడే శక్తి దానికంటే సుమారు 4 కిలోజౌళ్లు తక్కువే. ఆ లోటు ఉన్నా ఉప్పు కరగడానికి కారణం, అయాన్లు ద్రావణమంతటా చెదిరిపోవడం వల్ల పెరిగే ఎంట్రోపీ, అంటే కణాలు ఎన్ని రకాలుగా చెదిరి ఉండగలవో చెప్పే కొలత. శక్తి లోటుకూ ఎంట్రోపీకీ మధ్య ఉన్న ఈ పోటీని చెప్పకపోతే, సిల్వర్ క్లోరైడ్ కూడా అయాన్లతో కూడినదే అయినా లీటరు నీటిలో దాదాపు 2 మిల్లీగ్రాములే ఎందుకు కరుగుతుందని అడిగే విద్యార్థికి జవాబు దొరకదు.

ఈథేన్‌లో అయస్కాంతమే పెట్టకపోవడం మరో లోపం. దానికీ నీటికీ మధ్య బలహీనమైన లండన్ ఆకర్షణ (ఎలక్ట్రాన్ల క్షణిక కదలికల వల్ల ఏ అణువుల మధ్యనైనా పుట్టేది) ఉంటుంది. నీటి అణువులు తమలో తాము పెట్టుకున్న హైడ్రోజన్ బంధాల వల వాటికి మరింత లాభదాయకం కావడంతో ఈథేన్ బయటే మిగిలిపోతుంది. కిట్ చూసినవారికి మాత్రం అసలు ఆకర్షణే లేదనిపిస్తుంది.

ధ్రువణతను, హైడ్రోజన్ బంధాన్ని బోధించే ఉపాధ్యాయులు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. ఉప్పు పాఠానికి మాత్రం పుస్తకాన్ని పక్కన పెట్టి, నీటిలో ఉప్పు కలుపుతూ ఆ శక్తి లోటు వల్ల థర్మామీటరులో ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గడాన్ని చూపించి, ఆ తర్వాతే నమూనాలను బయటకు తీయడం మంచిది.