జయపురం లాడ్జి, 241 కిలోల బండి, నలుగురు కుర్రకారు

ఒడిశాలోని జయపురంలో గది మాట్లాడుకునేటప్పుడు "పార్కింగ్ ఉందా?" అని అడక్కండి. ఉందనే అంటారు. గేటు వెడల్పెంత, నేల కాంక్రీటా ఇసుకా, బండి తిప్పుకునే చోటుందా, ఇవి అడగండి. బస్టాండుకి దగ్గరలో ఉన్న ఓ లాడ్జి మేనేజరు ఫోనులో "లోపలే బాబూ, ఎన్ని బళ్లైనా పెట్టుకోండి" అన్నాడు, అదీ మన తెలుగులోనే. తీరా వెళ్తే ఆ లోపల అన్నది రెండు గోడల మధ్య మీటరు సందు. అది దిగితే వెనకాల వాలుగా ఉన్న ఇసుక పెరడు, పెరట్లో సగం జనరేటరుకే సరి. డబుల్ రూము 1,600. పొద్దున బిల్లులో బండికి 150 చొప్పున "వాచ్‌మన్ చార్జీ" అని నాలుగు బళ్లకి 600 కలిపాడు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు. వాచ్‌మన్‌ని రాత్రంతా ఎవరూ చూడలేదు.

బళ్లు ఇవి: రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల సూపర్ మీటియార్ 650, మీటియార్ 350, హిమాలయన్ 450, ఇంకా కేటీఎం డ్యూక్ 390. 650 ఒక్కటే యాభైకి దగ్గరపడ్డ బ్యాంకు ఉద్యోగిది. మిగతావాళ్లంతా పాతికలోపు రాయగడ పిల్లలు, ముగ్గురు కుర్రాళ్లు, ఒకమ్మాయి. దారిపొడుగునా బళ్లు మార్చుకుంటూ నడిపారు. 650 లాంటి బరువైన క్రూజర్లు, అంటే కాళ్లు ముందుకు చాపి కూర్చునే బళ్లు, పొట్ట వచ్చినవాళ్లవని, కుర్రాళ్లకి ఎక్కవని మన ఊళ్లలో అందరూ అనేమాటే. అది సగమే నిజం.

రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ దాకా 326 హైవే హాయిగా సాగింది, చెప్పుకోడానికేం లేదు. అక్కడి జగన్నాథుడి గుడి శబర శ్రీక్షేత్రంలో దర్శనం, బయట 20 రూపాయలకి గ్లాసుడు మండియా పేజ్. చోడి అంబలి తెలిసిన నోటికి కొత్త కాదు గాని, ఆ ఎండకి అంతకన్నా మంచిది దొరకదు.

650 నడిపాక అందరికంటే ముందు మనసు పారేసుకుంది ఐదడుగుల రెండంగుళాల ఆ అమ్మాయి. ఎందుకంటే సీటు ఎత్తు 740 మి.మీ. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనతాయి. హిమాలయన్ సీటు 825, దాని మీద ఆమెకి మునివేళ్లే అందుతాయి, సిగ్నల్ దగ్గర గుండె దడే. 650 కదిలాక దాని 241 కిలోలు ఎటుపోతాయో తెలియదు, బరువంతా కిందనే ఉంటుంది. 52 న్యూటన్ మీటర్ల టార్క్‌లో (లాగే బలంలో) చాలా భాగం తక్కువ ఆర్‌పీఎంలోనే అందుతుంది కాబట్టి ఘాట్‌లో మాటిమాటికీ గేరు మార్చే పనిలేదు. "మావయ్యా, ఇది సోఫా కాదు, సింహాసనం" అంది. డ్యూక్ కుర్రాడికి మాత్రం మొహం మాడింది. మలుపులో కాస్త వాల్చగానే పాదం పెట్టే ఫుట్‌పెగ్ రోడ్డుకి గీసుకుని రవ్వలొచ్చాయి. డ్యూక్‌ని పడుకోబెట్టినట్టు క్రూజర్ని పడుకోబెట్టకూడదు. మలుపుకి ముందే వేగం తగ్గించి, రెండో గేరులోకి వచ్చి, సన్నగా యాక్సిలరేటర్ ఇస్తూ బయటికి రావాలి.

ఇంకో చిక్కు నడుము. ఈ బండికి కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం కనుక గుంత వచ్చినప్పుడు పెగ్‌ల మీద లేచి నిలబడలేం. వెనక సస్పెన్షన్ ఆడేది 101 మి.మీ. మాత్రమే. ప్రతి దెబ్బా నేరుగా వెన్నుపూసకే. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకీ నేలకీ మధ్య ఎడం, 135 మి.మీ. పల్లెల్లో జనం సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్లని, వెనక మనిషి ఉన్నప్పుడు, ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కించి దాటాలి. నిటారుగా వెళ్తే అడుగు గీసుకుంటుంది. అదే దారిలో మీటియార్ 350కి అడుగు గీసుకునే తంటా లేదు. పైగా అది 191 కిలోలే, సెంటర్ స్టాండ్ కూడా ఉంది.

మళ్లీ లాడ్జికి వద్దాం, కోపం ఇంకా తీరలేదు. 650 హ్యాండిల్ వెడల్పే 890 మి.మీ., అద్దాలు కాక. మీటరు సందులో దాన్ని దింపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దీనికి సైడ్ స్టాండ్ ఒక్కటే. రాత్రి మంచుకి ఇసుక మెత్తబడిందో ఏమో, తెల్లారేసరికి స్టాండ్ దిగబడి బండి ఎడమవైపుకి పడుంది. క్లచ్ లివర్ కొస విరిగింది. ఇలాంటి నేల మీద స్టాండ్ కింద అరచేతి మందాన పలక రాయో, నొక్కి చదును చేసిన డబ్బా మూతో పెట్టి తీరాలి. వాలులో ముక్కు ఎత్తువైపు ఉంచి మొదటి గేరులో వదలాలి.

పడ్డ బండిని ముగ్గురు కుర్రాళ్లూ ఎవరికి వాళ్లు హ్యాండిల్ పట్టి లాగారు. లేవదు, లేచినా నడుం పోతుంది. పద్ధతి ఇది: ఇంజను కట్టేసి గేరులో ఉంచాలి, చక్రం దొర్లకుండా. పడిన వైపుకే హ్యాండిల్ చివరంటా తిప్పితే కింది పిడి ట్యాంకు దగ్గరికొస్తుంది. బండికి వీపు పెట్టి, పిరుదులు సీటు అంచుకి ఆనించి కూర్చోవాలి. ఒక చెయ్యి ఆ పిడి మీద, రెండోది వెనక ఫ్రేము మీద. వీపు నిటారుగా ఉంచి, తొడల బలంతో చిన్నచిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవాలి. కుడివైపు పడితే లేపకముందే సైడ్ స్టాండ్ తీసిపెట్టుకోవాలి. ఎడమవైపు పడితే అవతల ఒక మనిషి ఉండాలి, లేకపోతే లేచిన బండి అటువైపు పడుతుంది. ఆ అమ్మాయే, అవతల ఒకర్ని నిలబెట్టి, లేపింది. సందులోంచి పైకి వెనక్కి నెట్టడానికి మాత్రం నలుగురూ కావలసి వచ్చింది. ఇద్దరు ముందు ఫోర్కు దగ్గర, ఒకరు పక్కన, ఒకరు హ్యాండిల్ దగ్గర ముందు బ్రేకు మీద వేలు వేసి. డ్యూక్ కుర్రాడు మూతి ముడుచుకుని "ఉచితంగా ఇచ్చినా వద్దు బాబోయ్" అన్నాడు. అతని బండిని ఒంటిచేత్తో తిప్పి బయటపెట్టాడు మరి.

కుర్రాళ్ల మనసు చల్లబడేది ఇలాంటి చోట్లే. రూపం వాళ్లకి నచ్చుతుంది. 2001లో బజాజ్ ఎలిమినేటర్, 2005లో అవెంజర్ వచ్చినప్పుడూ నచ్చింది. అవెంజర్ తేలిక, ధర తక్కువ, అందుకే కాలేజీ పిల్లలూ కొన్నారు. 650 వచ్చినప్పుడే, 2023 జనవరిలో, షోరూమ్ ధర 3.49 లక్షల దగ్గర మొదలైంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అంతకు పైబడితే 40. మొదటి జీతంతో ఈఎంఐ లెక్క వేసుకునేవాడు 349 సీసీ దగ్గరే ఆగుతాడు, తప్పేముంది?

మరుసటి రాత్రి కోరాపుట్ హైవే పక్కన 1,900 గది. 300 ఎక్కువైనా చదును కాంక్రీటు వాకిలి, కెమెరా, బళ్లకి పైసా తీసుకోలేదు. భోజనానికి మాత్రం జయపురమే మేలు, 22 కిలోమీటర్లే కదా. అక్కడి తెలుగు మెస్సులో 120కి పప్పుచారు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, అడిగినన్నిసార్లు అన్నం. అలిగిన డ్యూక్ కుర్రాడు అక్కడే మళ్లీ నోరు విప్పాడు.

దేవమాలి కొండ (1,672 మీటర్లు) పైకి 650 వద్దు, హిమాలయన్ గాని 350 గాని తీసుకెళ్లండి. సెమిలిగుడలో 650 వెనక టైరుకి మేకు దిగింది. ట్యూబ్‌లెస్ కనుక చక్రం విప్పకుండానే రంధ్రాన్ని ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ రాసిన పట్టీ దూర్చి, మిగిలిన కొస కోసేసి 36 దాకా గాలి పెట్టారు. 120 రూపాయలు. చక్రం విప్పాల్సొస్తే మాత్రం సెంటర్ స్టాండ్ లేని బండికి జాకీ కావాలి, రోడ్డు పక్క షాపుల్లో అది దొరకడం కష్టం. పంక్చర్ కిట్టు, చిన్న కంప్రెసర్, ఒక జత లివర్లు, ఫ్యూజులు సంచిలో ఉండాల్సిందే.

సుంకి దాటి సాలూరు ఘాట్ దిగేటప్పుడు లారీల వెనకాల వెళ్తూ వెనక బ్రేకు తొక్కుతూనే ఉండొద్దు, వేడెక్కి పట్టు తగ్గుతుంది. రెండో గేరులో ఇంజనే ఆపుతుంది. పెట్రోలు కోరాపుట్‌లోనే నింపుకోండి, ఆంధ్రలో ధర ఎక్కువ. ఘాట్ కలుపుకుని 650 లీటరుకి 24, మీటియార్ 350 33 ఇచ్చాయి. పార్వతీపురం దాటేదాకా 650 తాళం ఆ అమ్మాయి దగ్గరే ఉంది, అడిగినా ఇవ్వలేదు.