ట్రోల్‌కి జవాబు: మౌనమా, మర్యాదా?

ఆన్‌లైన్‌లో ఎవరైనా మీద పడి నోరు పారేసుకుంటే ఏం చేయాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. తిరిగి తిట్టొచ్చు, ఊరుకోవచ్చు, మర్యాదగా బదులివ్వచ్చు.

తిరిగి తిట్టడం దండగ. అప్పటికే తిట్లు కనబడుతున్న చోట, చిరాకులో ఉన్న మామూలు మనిషి కూడా ట్రోల్‌లాగే రాస్తాడని స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు 2017లో చూపించారు. మన తిట్టు తర్వాత వచ్చేవాళ్లకు తలుపు తీసిపెట్టినట్టే. వెటకారం దానికి తమ్ముడు.

ఇక మిగిలినవి మౌనం, మర్యాద. మౌనంతో మనశ్శాంతి దక్కుతుంది. ఊరూ పేరూ లేని ఖాతా ఒక కూత కూసి పోతే అది చాలు. కానీ అన్న మాట అబద్ధమైనా, దెబ్బ మూడోవాళ్లకు తగిలినా, మన మౌనం ఒప్పుకున్నట్టే కనబడుతుంది.

నా మటుకు దీన్ని తేల్చేది చుట్టూ చదివేవాళ్లు. తిట్టేది ఒకరైతే, ఏమీ అనకుండా చూసి పోయేవాళ్లు ఎందరో. వాళ్లలో అదే తిట్టు తిన్నవాళ్లూ ఉంటారు. నిబ్బరంగా ఇచ్చిన ఒక్క జవాబు వాళ్లకు ఎంత ధైర్యమో!

మరి తిట్టిన మనిషి మారతాడా? ట్విటర్‌లో జాతి ద్వేషం వెళ్లగక్కిన 1,350 మందిని గుంపులుగా విడదీసి చేసిన ఒక స్విస్ అధ్యయనం 2021లో వచ్చింది. కొందరికి హాస్యంతో జవాబిచ్చారు, కొందరిని ‘ఇది మీవాళ్లు కూడా చూస్తారు’ అని హెచ్చరించారు, కొందరికి ఆ మాట ఎవరిని ఎలా బాధపెడుతుందో చెప్పారు. నిలకడగా పనిచేసింది చివరిదే. ప్రభావం చిన్నదే, కానీ ఉంది. మెగన్ ఫెల్ప్స్-రోపర్ సంగతి మరీ గొప్పది. అమెరికాలో అంత్యక్రియల దగ్గర ద్వేషపు ప్లకార్డులు పట్టే వెస్ట్‌బరో చర్చి కుటుంబంలో పుట్టిన ఆమె 2012లో బయటికొచ్చేసింది. ట్విటర్‌లో తనతో ఓపిగ్గా వాదించినవాళ్ల మాటలే తనను ఆలోచనలో పడేశాయని ఆమే చెప్పింది.

మర్యాద అంటే మెత్తబడటం కాదు. ‘నీకేం తెలుసని రాశావ్, పోయి చదువుకో’ అన్నారనుకోండి. ‘ఏ మాట తప్పో చెప్పండి, సరిచేస్తాను. ఇలా అనడం మాత్రం బాధగా ఉంది’ అనండి. ముందు విషయం, తర్వాత నొప్పి. వాళ్లు ఏకవచనంలో మాట్లాడినా మీరు ‘మీరు’ అనే అనండి. ‘క్షమించండి’ మాత్రం తప్పు చేస్తేనే. లేనిపోని క్షమాపణ చూసేవాళ్లకు భయంలా కనిపిస్తుంది.

బెదిరింపులు, ఇంటి చిరునామా బయటపెట్టడం లాంటివి వేరే లెక్క. వాటికి మర్యాదా వద్దు, జవాబూ వద్దు. స్క్రీన్‌షాట్ తీసుకుని రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి, అవసరమైతే పోలీసుల దగ్గరికి వెళ్లండి.

మిగతా వాటికి ఒక్క జవాబు ఇవ్వండి. అవతలివాళ్లు తిట్టు మాని అసలు విషయానికి వస్తే మాట్లాడండి. మళ్లీ తిట్టుతోనే వస్తే మ్యూట్ చేసేయండి. మీ జవాబు అక్కడే ఉంటుంది, చదివేవాళ్లు చదువుకుంటారు.